విలువా, చిరునామా? ఫంక్షన్లకు ఆర్గ్యుమెంట్లు అందించే పద్ధతుల చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్‌ను అందించే ముఖ్య పద్ధతులను ఒకదాని నుండి మరొకదాన్ని వేరుచేసి చెప్పగలుగుతారు.
• ఆ పద్ధతులు ఏ కాలంలో, ఏ అవసరం కొద్దీ పుట్టాయో వివరించగలుగుతారు.
• మీరు రాసే ఫంక్షన్ బయటి సమాచారాన్ని మారుస్తుందో లేదో ముందుగానే నిర్ణయించగలుగుతారు.

7.1 పరిచయం

ఫంక్షన్ అంటే ఏమిటో, దానిని ఎందుకు రాస్తామో వెనుకటి భాగంలో తెలుసుకున్నారు. ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు దానికి కావలసిన సమాచారాన్ని కుండలీకరణాల మధ్య ఇస్తాం. అలా ఇచ్చేదాన్ని ఆర్గ్యుమెంట్ అంటారు. దాన్ని అందుకోవడానికి ఫంక్షన్ తన నిర్వచనంలో పెట్టుకున్న పేరును పరామితి అంటారు. ఇంతవరకూ చిక్కేమీ లేదు. అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆర్గ్యుమెంట్ ఇవ్వడమంటే దేన్ని ఇవ్వడం? నకలునా, అసలునా?

ఈ తేడా మీకు కొత్తది కాదు. రెవెన్యూ కార్యాలయంలో పహాణీ నకలు తీసుకున్న రైతు ఇంటికి వెళ్లి దాని మీద ఏమి రాసుకున్నా కార్యాలయంలోని రికార్డు మారదు. ఆ రికార్డునే చేతికిచ్చి పంపితే సంగతి వేరు. అప్పుడు అతడు కొట్టివేసిన ప్రతి అంకె అందరికీ కొట్టివేసినట్లే అవుతుంది.

కంప్యూటర్ భాషలను రూపొందించినవారు ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క జవాబు ఇచ్చారు. పరీక్ష కోసం నిర్వచనాలు కంఠస్థం చేస్తే ఆ జవాబులు నాలుగైదు పేర్లుగా మాత్రమే కనిపిస్తాయి. ఏ జవాబు ఎందుకు వచ్చిందో వరుసగా చూస్తే, అవన్నీ ఒకే విషయం గురించి చేసుకున్న ఒప్పందాలని తెలుస్తుంది. ఎవరి సమాచారాన్ని ఎవరు మార్చవచ్చు అన్నదే ఆ విషయం.

7.2 జమ్మికుంట యార్డులో ఒక లెక్క

చరిత్రలోకి వెళ్లే ముందు ఒక ఉదాహరణను సిద్ధం చేసుకుందాం. భాగం చివరి దాకా ఇదే మనకు కొలబద్ద.

కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద ఉన్న జమ్మికుంట, ఉత్తర తెలంగాణలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. మీలో చాలామంది అక్కడికి పత్తి తోలుకొని వెళ్లిన ఇళ్లవారే అయి ఉంటారు. బండి యార్డులోకి రావడం, తేమ చూడడం, ధర పలకడం, దడ్వాయి కాంటా వేయడం, తక్‌పట్టీ రాయడం మీకు తెలిసినవే. ప్రభుత్వ సంస్థ అయిన కాటన్ కార్పొరేషన్ మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి ధర ఇస్తుంది. ఆపైన 12 శాతం వరకు, పెరిగిన ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోత పెడుతుంది.

ఈ లెక్కకు ఒక ఫంక్షన్ రాద్దాం. దాని పేరు 'చెల్లింపు' అనుకోండి. దానికి మూడు పరామితులు: తూకం, ధర, తేమ. అది చేసే పని ఇది:

మొదటి మెట్టు: తేమ 8 కంటే ఎక్కువైతే, ధర ← ధర − ధర × (తేమ − 8) / 100
రెండవ మెట్టు: తూకం × ధర విలువను తిరిగి ఇవ్వు.

లెక్క సులువుగా ఉండడానికి ఆనాటి ధర క్వింటాలుకు 7,000 రూపాయలు అనుకుందాం. ప్రధాన ప్రోగ్రామ్‌లో అది 'నేటిధర' అనే చలరాశిలో ఉంది. మొదటి రైతు 10 క్వింటాళ్లు తెచ్చాడు, తేమ 10 శాతం. రెండు శాతం కోత పోగా ధర 6,860. అతనికి రావలసింది 68,600 రూపాయలు. ఇందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు రెండవ రైతును చూడండి. అతడు పత్తిని బాగా ఆరబెట్టి తెచ్చాడు. తేమ 8 శాతమే, తూకం 10 క్వింటాళ్లే. అతనికి 70,000 రావాలి. ఫంక్షన్‌కు మనం 'నేటిధర' నకలు ఇచ్చి ఉంటే అంతే వస్తుంది. అసలునే ఇచ్చి ఉంటే మాత్రం, మొదటి రైతు లెక్కలోనే 'నేటిధర' 6,860గా మారిపోయి ఉంటుంది. రెండవ రైతుకు 68,600 మాత్రమే దక్కుతుంది. తాను చేయని తప్పుకు అతడు 1,400 రూపాయలు పోగొట్టుకుంటాడు. మూడవ రైతు పత్తిలో 10 శాతం తేమ ఉంటే అతని ధర 6,722 రూపాయల 80 పైసలకు దిగుతుంది. వరుసలో వెనుక ఉన్నవారికి నష్టం ఇంకా పెరుగుతుంది.

ఫంక్షన్‌లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదని గమనించండి. సూత్రం సరైనదే. మొదటి రైతుతో పరీక్షించి చూస్తే జవాబు కూడా సరిగానే వచ్చింది. తప్పంతా ఆర్గ్యుమెంట్‌ను అందించిన పద్ధతిలో ఉంది. ఇటువంటి తప్పు ప్రోగ్రామ్‌ను ఆపదు, హెచ్చరిక చూపదు. నిశ్శబ్దంగా తప్పు తక్‌పట్టీలు రాస్తూ పోతుంది.

7.3 కాగితం మీది ప్రమేయం

గణితంలో ఈ బెడద లేదు. ప్రమేయాన్ని ఒక అక్షరంతో సూచించి, దాని పక్కన కుండలీకరణాల్లో చలరాశిని రాసే పద్ధతిని స్విట్జర్లాండ్‌కు చెందిన లియొనార్డ్ ఆయిలర్ 1734లో వాడాడు. మనం నేటికీ ఫంక్షన్‌ను అలాగే పిలుస్తున్నాం. అయితే కాగితం మీది 7,000 ఎప్పటికీ 7,000గానే ఉంటుంది. దాన్ని ఒక ప్రమేయానికి అందించినంత మాత్రాన అది మారిపోదు. గణితంలో విలువలు ఉన్నాయి గాని, ఆ విలువలు దాచుకునే గదులు లేవు.

1930లలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ లాంబ్డా కలనం అనే పద్ధతిని రూపొందించాడు. అందులో ఆర్గ్యుమెంట్‌ను అందించడమంటే, ప్రమేయం లోపల పరామితి కనిపించిన ప్రతిచోటా ఆర్గ్యుమెంట్‌ను ఉన్నదున్నట్లుగా ప్రతిక్షేపించడమే. ముందు ఆర్గ్యుమెంట్‌ను లెక్కకట్టి తరువాత ప్రతిక్షేపించినా, ముందు ప్రతిక్షేపించి తరువాత లెక్కకట్టినా, రెండు దారులూ ముగింపుకు చేరితే ఫలితం ఒకటేనని చర్చ్, అతని శిష్యుడు రోసర్ 1936లో నిరూపించారు. ఈ మాట గుర్తుంచుకోండి. విలువలు మారగల యంత్రం వచ్చాక ఈ హామీ నిలవలేదు. మన కథంతా అక్కడినుండే మొదలవుతుంది.

7.4 ఎడ్సాక్: పిలుపు పక్కనే ఆర్గ్యుమెంట్

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం నిర్మించిన ఎడ్సాక్ 1949 మే 6న తన మొదటి ప్రోగ్రామ్‌ను నడిపింది. వర్గమూలం, త్రికోణమితి ప్రమేయాలు వంటి లెక్కలు ప్రతి ప్రోగ్రామ్‌లోనూ అవసరమయ్యేవి. ప్రతిసారీ మొదటినుండి రాయడం దండగ కాబట్టి, ఒకసారి రాసి దాచుకున్న సబ్‌రొటీన్ల భాండాగారాన్ని వారు ఏర్పాటు చేసుకున్నారు. 1951 నాటికి అందులో ఎనభైకి పైగా సబ్‌రొటీన్లు ఉండేవి. అదే సంవత్సరం విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ కలిసి ఈ పద్ధతిని పుస్తకంగా ప్రకటించారు.

సబ్‌రొటీన్ తన పని ముగించి ఎక్కడికి తిరిగి రావాలి అన్నది అప్పటి మొదటి సమస్య. వీలర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. పిలిచే ప్రోగ్రామ్ తాను ఉన్న చోటి చిరునామాను సంచాయకంలో పెట్టి సబ్‌రొటీన్‌కు దూకుతుంది. సబ్‌రొటీన్ ఆ చిరునామాను చూసి, తన చివరి ఆదేశాన్ని తానే తిరుగుప్రయాణపు ఆదేశంగా రాసుకుంటుంది. ఈ ఉపాయానికి వీలర్ జంప్ అని పేరు వచ్చింది.

ఆ చిరునామాతో రెండవ సమస్య కూడా తీరింది. పిలుపు ఆదేశానికి వెంటనే తరువాతి గదుల్లో ఆర్గ్యుమెంట్లను వరుసగా పెడితే, సబ్‌రొటీన్ ఆ చిరునామాను పట్టుకొని వాటిని వెతుక్కోగలదు. ఇలా పిలిచినప్పుడల్లా ఇచ్చేవాటిని ఒక రకంగా, ప్రోగ్రామ్‌ను యంత్రంలోకి ఎక్కించేటప్పుడే స్థిరపరిచేవాటిని మరొక రకంగా వారు విడదీశారు. మన యార్డు లెక్కలో తూకం, తేమ మొదటి రకం. అవి రైతు రైతుకూ మారుతాయి. 8 శాతం అన్న హద్దు రెండవ రకం.

ఆనాడు ప్రోగ్రామర్ ప్రతి గదినీ స్వయంగా చూసుకునేవాడు. నకలు ఇవ్వాలో అసలు ఇవ్వాలో అతడే నిర్ణయించుకునేవాడు. ఆ నిర్ణయాన్ని భాష తన చేతిలోకి తీసుకోవడం తరువాతి ఘట్టం.

7.5 ఫోర్ట్రాన్: అసలునే అందించిన భాష

ఐబీఎం సంస్థలో జాన్ బ్యాకస్ నాయకత్వంలో తయారైన ఫోర్ట్రాన్ 1957లో ఐబీఎం 704 యంత్రానికి అందింది. ప్రోగ్రామర్ సొంతంగా సబ్‌రొటీన్లు రాసి, వాటిని విడిగా కంపైల్ చేసుకునే వీలు 1958లో ఫోర్ట్రాన్ 2తో వచ్చింది. ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద మాత్రికలతో లెక్కలు చేసేవారు. 704లో ఉన్నది గరిష్ఠంగా 32,768 పదాల మెమరీ. వంద వరుసలు, వంద నిలువులు ఉన్న మాత్రికలో పదివేల సంఖ్యలుంటాయి. సబ్‌రొటీన్‌ను పిలిచిన ప్రతిసారీ దానికి నకలు తీయడం అప్పట్లో భరించలేని ఖర్చు.

అందువల్ల ఫోర్ట్రాన్ కంపైలర్లు సాధారణంగా ఆర్గ్యుమెంట్ చిరునామాను అందించేవి. దీనిని కాల్ బై రిఫరెన్స్ అంటారు. సబ్‌రొటీన్ ఆ చిరునామాకు వెళ్లి చదువుతుంది, అక్కడే రాస్తుంది. 'చెల్లింపు' ఫంక్షన్‌ను ఆ పద్ధతిలో రాసి ఉంటే రెండవ రైతు గతి ఏమయ్యేదో మీరు చూశారు.

ఇంతకంటే వింత కూడా జరిగేది. తొలినాటి కొన్ని కంపైలర్లలో 2 వంటి స్థిరాంకాన్ని ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే, ఆ స్థిరాంకం ఉన్న గది చిరునామా సబ్‌రొటీన్‌కు వెళ్లేది. సబ్‌రొటీన్ తన పరామితికి ఒకటి కలిపితే ఆ గదిలో 3 వచ్చి కూర్చునేది. ఆపైన ప్రోగ్రామ్‌లో 2 అని రాసిన చోట్ల యంత్రం 3 అని లెక్కవేసేది. కాగితం మీద ఎంత వెతికినా తప్పు కనిపించదు. ఆయిలర్ నాటి గణితంలో ఊహించడానికి కూడా వీలులేని స్థితి ఇది.

మన దేశంలో ఒక తరం విద్యార్థులు ప్రోగ్రామింగ్‌ను మొదట ఈ భాషలోనే నేర్చుకున్నారు. 1963లో ఐఐటీ కాన్పూరుకు ఐబీఎం 1620 వచ్చింది. అక్కడ బోధించిన ఆచార్య వి. రాజారామన్ ఫోర్ట్రాన్ మీద రాసిన పాఠ్యపుస్తకాలు దేశమంతటా ఇంజనీరింగ్ కళాశాలలకు చేరాయి. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, 1970లలో టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. ఆ సంస్థకు పునాది వేసిన ఎ.ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన తెలుగువాడు. ఆ రోజుల్లో కార్డులు గుద్దించి ఇచ్చి, ఫలితం కోసం గంటలో రోజులో ఎదురుచూడవలసి వచ్చేది. అటువంటప్పుడు ఒక సబ్‌రొటీన్ తన ఆర్గ్యుమెంట్‌ను చెప్పకుండా మార్చేసిందంటే, ఆ తప్పును పట్టుకోవడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుందో ఊహించండి.

7.6 ఆల్గోల్ 60: విలువ, పేరు

1960 జనవరిలో పారిస్ నగరంలో ఐరోపా, అమెరికాలకు చెందిన 13 మంది సమావేశమై ఆల్గోల్ 60 భాషను నిర్ణయించారు. డెన్మార్క్‌కు చెందిన పీటర్ నార్ దాని నివేదికకు సంపాదకుడు. ఆర్గ్యుమెంట్ ఎలా అందుతుందన్న విషయాన్ని కంపైలర్ ఇష్టానికి వదలకుండా, భాష నిర్వచనంలోనే స్పష్టంగా చెప్పిన ఘనత ఈ నివేదికది.

ఆల్గోల్ రెండు పద్ధతులను ఇచ్చింది. పరామితిని 'వాల్యూ' అని ప్రకటిస్తే ఆర్గ్యుమెంట్‌ను ముందే లెక్కకట్టి ఆ విలువను కొత్త గదిలో పెడతారు. ఇది కాల్ బై వాల్యూ. అలా ప్రకటించకపోతే, పరామితి కనిపించిన ప్రతిచోటా ఆర్గ్యుమెంట్ పాఠాన్నే ప్రతిక్షేపించినట్లు భావించాలి. ఇది కాల్ బై నేమ్. చర్చ్ చెప్పిన ప్రతిక్షేపణే ఇక్కడ యంత్రంలోకి వచ్చింది.

కాల్ బై నేమ్‌తో గొప్ప సౌలభ్యం ఉంది. డెన్మార్క్‌కే చెందిన యోర్న్ యెన్సెన్ చూపిన ఉపాయం దానికి ప్రసిద్ధ ఉదాహరణ. 'మొత్తం' అనే ఫంక్షన్‌కు ఒక సూచికను, తూకం[సూచిక] × ధర[సూచిక] అనే సమాసాన్ని ఇస్తామనుకోండి. లోపల సూచికను ఒకటి నుండి చివరి వరకు పెంచుతూ ఆ సమాసాన్ని అడిగిన ప్రతిసారీ కొత్త విలువ వస్తుంది. అలా యార్డులోని రైతులందరి చెల్లింపుల మొత్తం ఒకే పిలుపుతో తేలుతుంది. అదే ఫంక్షన్‌కు తూకం[సూచిక] మాత్రమే ఇస్తే మొత్తం సరుకు తేలుతుంది.

దీనికి మరో ముఖం కూడా ఉంది. రెండు చలరాశుల విలువలను తారుమారు చేసే 'మార్పిడి' అనే ఫంక్షన్ తీసుకోండి. మొదటిదాన్ని తాత్కాలిక గదిలో దాచి, రెండవదాన్ని మొదటిదానిలో పెట్టి, దాచినదాన్ని రెండవదానిలో పెట్టాలి. సూచిక విలువ 2, తూకం[2] విలువ 5 అనుకొని, సూచికనూ తూకం[సూచిక]నూ దీనికి కాల్ బై నేమ్ పద్ధతిలో ఇవ్వండి. తాత్కాలిక గదిలోకి 2 వస్తుంది. సూచికలోకి తూకం[2], అంటే 5 వస్తుంది. ఇక దాచిన 2ను తూకం[సూచిక]లో పెట్టాలి. సూచిక ఇప్పటికే 5 అయింది కనుక ఆ 2 తూకం[5]లోకి వెళుతుంది. రెండవ రైతు తూకం మారలేదు. ఈ లావాదేవీతో సంబంధంలేని అయిదవ రైతు తూకం చెరిగిపోయింది. ఏ దారిన లెక్కకట్టినా ఫలితం ఒకటేనన్న చర్చ్, రోసర్‌ల హామీ విలువలు మారే లోకంలో ఎందుకు నిలవదో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అమలు చేయడం కూడా తేలిక కాలేదు. పాఠాన్ని నిజంగా ప్రతిక్షేపించడం కుదరదు గనుక, ప్రతి ఆర్గ్యుమెంట్‌కు ఒక చిన్న కోడ్ ముక్కను తయారుచేసి, అవసరమైనప్పుడల్లా దాన్ని నడిపే పద్ధతిని పీటర్ ఇంగర్‌మన్ 1961లో ప్రకటించాడు. వాటిని థంక్‌లు అన్నారు. నెదర్లాండ్స్‌లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, యాప్ జోనెవెల్డ్ 1960లోనే ఆల్గోల్ కంపైలర్‌ను పూర్తిచేశారు. ఒక్కొక్క పిలుపుకు ఒక్కొక్క కొత్త చట్రాన్ని స్టాక్ మీద పేర్చే పద్ధతి ఈ కాలంలోనే స్థిరపడింది. ప్రతి పిలుపుకు పరామితుల గదులు వేరుగా ఉండడంవల్ల ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, అంటే పునరావృత్తి, సాధ్యమైంది. మీరు నేడు రాసే ఫంక్షన్లలో ప్రతి పిలుపుకు పరామితులు కొత్తగా పుట్టి, పని ముగియగానే పోవడం ఈ ఏర్పాటు ఫలితమే.

7.7 లిస్ప్: పంచుకున్న జాబితాలు

పారిస్ సమావేశంలో పాల్గొన్నవారిలో జాన్ మెకార్థీ ఒకడు. ఆయన 1958లో ఎంఐటీలో లిస్ప్ భాషను మొదలుపెట్టి, 1960లో దాని గురించిన వ్యాసాన్ని ప్రకటించాడు. లిస్ప్‌లో జాబితాలే ప్రధానం. జాబితాను ఫంక్షన్‌కు ఇచ్చినప్పుడు దాని మొదటి కణం చిరునామా మాత్రమే వెళుతుంది, జాబితా మొత్తానికి నకలు తీయరు. పిలిచినవారూ పిలిపించుకున్నవారూ ఒకే జాబితాను పంచుకుంటారు. పాత కణాలను చెరపకుండా కొత్త కణాలు చేర్చుకుంటూ పోయినంతకాలం ఈ పంపకంలో ప్రమాదం లేదు.

మెకార్థీ తరువాత స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి అక్కడ ఆయన శిష్యుడిగా 1966లో డాక్టరేట్ పొందాడు. ప్రపంచం రాజ్ రెడ్డిగా ఎరిగిన ఆయనకు 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారం లభించింది. మాటలను గుర్తించే యంత్రాలు ఆయన పరిశోధన రంగం. మన పాఠంలోని భావనలను తీర్చిదిద్దిన తరానికి ఒక తెలుగు విద్యార్థి అంత దగ్గరగా ఉన్నాడని మీకు తెలియాలని ఇక్కడ చెబుతున్నాను.

7.8 స్ట్రాచీ: ఒకే పేరుకు రెండు అర్థాలు

ఇన్ని పద్ధతులను ఒకే దృష్టితో చూపినవాడు ఇంగ్లండుకు చెందిన క్రిస్టఫర్ స్ట్రాచీ. 1967లో కోపెన్‌హాగెన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆయన ఒక చిన్న విషయాన్ని ఎత్తిచూపాడు. 'ధర ← ధర − 140' అన్న వాక్యంలో ధర అనే పేరు రెండుసార్లు వచ్చింది గాని, రెండుచోట్లా అర్థం ఒకటి కాదు. కుడివైపు ఉన్నది ధర విలువ. ఎడమవైపు ఉన్నది ఆ విలువను పెట్టవలసిన చోటు. వీటిని ఆయన కుడి విలువ, ఎడమ విలువ అన్నాడు.

ఇది తెలిస్తే మన ప్రశ్న చాలా తేలికవుతుంది. కుడి విలువను అందిస్తే కాల్ బై వాల్యూ. ఎడమ విలువను అందిస్తే కాల్ బై రిఫరెన్స్. నకలు, అసలు అని మనం అన్నవాటికి ఇవే శాస్త్రీయమైన పేర్లు.

7.9 పాస్కల్, సీ: అనుమతి అడిగే భాషలు

1970లో నిక్లౌస్ విర్త్ రూపొందించిన పాస్కల్‌లో కాల్ బై నేమ్ లేదు. పరామితి ముందు ఏమీ రాయకపోతే విలువ నకలు అందుతుంది. 'వార్' అని రాస్తే అసలు చిరునామా అందుతుంది. అంటే నకలు సాధారణ నియమం, అసలు ప్రత్యేక అనుమతి. ఫోర్ట్రాన్ నాటి అలవాటు ఇక్కడ తలకిందులైంది.

బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో రూపొందించిన సీ భాష ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులో ఉన్నది కాల్ బై వాల్యూ ఒక్కటే. అసలును మార్చనివ్వాలంటే పిలిచేవారే చలరాశి పేరు ముందు చిరునామా గుర్తు పెట్టి, ఆ చిరునామాను ఒక విలువగా పంపాలి. అప్పుడు పిలుపు వాక్యాన్ని చూడగానే ఈ చలరాశి మారవచ్చునని తెలిసిపోతుంది. పాస్కల్‌లో అది తెలియాలంటే ఫంక్షన్ నిర్వచనం వెతికి చూడాలి. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. ఇతరులు రాసిన వేల వరుసల ప్రోగ్రామ్‌ను సరిదిద్దవలసి వచ్చిన రోజున దాని విలువ తెలుస్తుంది.

సీ లోనూ ఒక మినహాయింపు ఉంది. పట్టికను ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే దాని మొదటి మూలకం చిరునామానే వెళుతుంది. 704 కాలంలో మాత్రికలకు నకలు తీయనివ్వని ఖర్చు ఇంకా వెంటాడుతూనే ఉందన్నమాట. 1983లో ప్రమాణీకరించిన అడా భాష ఉద్దేశాన్నే మాటల్లో రాయించింది. లోపలికి, బయటికి, లోపలికీ బయటికీ అని ప్రతి పరామితికీ ఒక దిశ ఉంటుంది.

7.10 జావా, పైథాన్: చిరునామా నకలు

1970లలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్, ఆమె విద్యార్థులు సీఎల్‌యూ భాషను రూపొందించారు. అందులోని పద్ధతికి కాల్ బై షేరింగ్ అని పేరుపెట్టారు. ఫంక్షన్‌కు అందేది వస్తువు నకలు కాదు, చలరాశి చిరునామా కాదు. వస్తువును చూపే సూచన మాత్రమే నకలవుతుంది. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్, 1995లో వచ్చిన జావాలోని వస్తువులు ఈ దారినే నడుస్తాయి.

దీని ఫలితాన్ని మన ఉదాహరణతో చూడండి. పైథాన్‌లో 'చెల్లింపు' ఫంక్షన్ రాసి 'నేటిధర'ను ఇస్తే రెండవ రైతుకు నష్టం లేదు. లోపల ధరకు కొత్త విలువ ఇచ్చినప్పుడు, లోపలి పేరు కొత్త సంఖ్యను చూపుతుంది. బయటి పేరు పాత సంఖ్యనే చూపుతూ ఉంటుంది. అయితే ధరలన్నింటినీ ఒక జాబితాలో పెట్టి ఆ జాబితాను ఇచ్చారనుకోండి. లోపల దాని మొదటి మూలకాన్ని మారిస్తే బయట కూడా మారుతుంది. పేరుకు కొత్త వస్తువును అంటగట్టడం వేరు, ఉన్న వస్తువునే మార్చడం వేరు. పరీక్ష పత్రాల్లో విద్యార్థులు ఎక్కువగా తడబడే చోటు ఇదే. ఇక్కడ ఆగి మరొకసారి చదవండి.

పైథాన్‌లో ఇంకొక జాగ్రత్త అవసరం. పరామితికి ముందే ఒక అప్రమేయ విలువ రాసిపెట్టవచ్చు. ఆ విలువ ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒకే ఒక్కసారి తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ కాదు. బస్తాల తూకాలు చేర్చుకునే ఫంక్షన్‌కు ఖాళీ జాబితాను అప్రమేయ విలువగా పెడితే, మొదటి రైతు బస్తాలు రెండవ రైతు జాబితాలో కూడా ప్రత్యక్షమవుతాయి. ఎడ్సాక్‌లో యంత్రానికి ఎక్కించేటప్పుడే స్థిరపడే ఆర్గ్యుమెంట్లు, పిలిచినప్పుడు ఇచ్చే ఆర్గ్యుమెంట్లు అని రెండు రకాలుగా విడదీశారు కదా. ఆ విభజనను మరచిపోతే వచ్చే చిక్కే ఇది.

7.11 ఈ చరిత్ర మనకు చెప్పేది

మెమరీ కొరత ఫోర్ట్రాన్‌ను అసలునే అందించేలా చేసింది. గణితం మీది గౌరవం ఆల్గోల్‌ను ప్రతిక్షేపణ వైపు నడిపింది. ఆ రెండింటివల్ల కలిగిన చిక్కులను చూసిన తరువాతి తరం నకలును సాధారణ నియమం చేసి, అసలు కావాలంటే అడిగి తీసుకోవాలన్నది. పెద్ద వస్తువులకు నకలు తీసే ఖర్చు మళ్లీ పంచుకోవడం వైపు తిప్పింది. ఏ జవాబూ తెలివితక్కువది కాదు, ఏ జవాబూ ఉచితం కాదు. నకలుకు మెమరీ, సమయం ఖర్చవుతాయి. అసలుకు నమ్మకం ఖర్చవుతుంది.

భూమి రికార్డు, పింఛను జాబితా, పత్తి చెల్లింపు నేడు ప్రోగ్రామ్‌ల ద్వారానే నడుస్తున్నాయి. వాటిని రాసేవారిలో రేపు మీరూ ఉంటారు. వరుసలో రెండవ స్థానంలో నిలబడ్డ రైతుకు కాల్ బై రిఫరెన్స్ అంటే ఏమిటో తెలియదు. తన పత్తి ఆరిందని, తక్‌పట్టీలో అంకె తగ్గిందని మాత్రమే అతనికి తెలుసు. అందుకు కారణం చెప్పగలిగేది, అది జరగకుండా చూడగలిగేది ఆ ఫంక్షన్ రాసినవారు ఒక్కరే. కాబట్టి ఫంక్షన్ రాసే ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకోండి. నాకు అందింది నకలా, అసలా? అసలైతే దాన్ని మార్చే హక్కు నాకు ఉందా? మారుస్తున్నానని పిలిచినవారికి తెలుస్తుందా?

7.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'నేటిధర' 7,000 రూపాయలు. మొదటి రైతు పత్తిలో తేమ 12 శాతం, రెండవ రైతు పత్తిలో 9 శాతం. కాల్ బై వాల్యూ, కాల్ బై రిఫరెన్స్ పద్ధతుల్లో రెండవ రైతుకు క్వింటాలుకు ఎంత ధర వస్తుందో విడివిడిగా లెక్కించండి.
2. ఫోర్ట్రాన్ కంపైలర్లు చిరునామాను అందించడానికి కారణమేమిటి?
3. 'మార్పిడి' ఫంక్షన్ కాల్ బై నేమ్ పద్ధతిలో ఎందుకు విఫలమైందో మెట్టుమెట్టుగా వివరించండి.
4. స్ట్రాచీ చెప్పిన ఎడమ విలువ, కుడి విలువల తేడాను మీ సొంత ఉదాహరణతో రాయండి.
5. పైథాన్‌లో 'చెల్లింపు' ఫంక్షన్‌కు ధరల జాబితాను ఇచ్చినా బయటి జాబితా మారకుండా ఉండాలంటే ఫంక్షన్‌ను ఎలా రాయాలి?